విచారణ లేని శిక్ష

పుంగనూరు ఆవు పొట్టిది. మేత స్వల్పము, పాలు చిక్కనివి. ఇటీవల మన యిండ్లకు వచ్చుచున్న బీఎల్‌డీసీ పంకాలును అట్టివే. పాత పంకా సుమారు 75 వాట్లు కోరుచుండగా ఇవి 30 వాట్లతో ఇంచుమించు అంతగాలిని ఇచ్చును. దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 16 యూనిట్లు మిగులును. 2023 జనవరి 1వ తేదినుండి పైకప్పు పంకాలకు నక్షత్రపు గుర్తు తప్పనిసరియైనది.

అయితే ఆవు జబ్బుపడిన వైద్యుని పిలుతుము. ఈ పంకా ఆగిన నేమి చేయుచున్నాము? మొన్నటి వేసవిలో మా కార్యాలయపు పంకా ఆగిపోగా ఒక అంగడికి పంపితిమి. మూత విప్పకయే “బోర్డు పోయినది, క్రొత్తది కొనుడు” అని తీర్పు వచ్చెను. సాక్ష్యము లేదు, విచారణ లేదు, శిక్షమాత్రము సిద్ధము! న్యాయస్థానములందు కాలము గడుపు మాకీ పద్ధతి రుచింపలేదు.

ఈ మోటారునందు తిరుగుభాగమున అయస్కాంతములును, నిలుచుభాగమున రాగితీగ చుట్టలును ఉండును. ఏ చుట్టకు ఎప్పుడు విద్యుత్తు నీయవలెనో బోర్డు నిర్ణయించును. కావున దోషి ఎవరో తేల్చుట మొదటి పని. ముందుగా మెయిను కట్టివేసి కొన్ని నిమిషములు ఆగవలయును. బోర్డుమీది కెపాసిటరు విద్యుత్తును నిలిపియుంచును. అది తగ్గినదని మల్టీమీటరుతో చూడక చేయి పెట్టుట ప్రాణాపాయము. పిమ్మట మోటారునుండి బోర్డునకు పోవు మూడు తీగలను విడదీయవలయును. అప్పుడు పంకా చేతితో త్రిప్పిన తేలికగా తిరుగవలెను. బిగిసినచో బేరింగునందో చుట్టలందో దోషము గలదు. తీగలను రెండేసి చొప్పున కొలిచిన మూడుమారులును ఒకే నిరోధము కనబడవలెను. ఏ తీగకును మోటారు లోహపుతొడుగుతో సంబంధము కనబడరాదు. కడపట మూడు కొనలను ఒకటిగా కలిపి త్రిప్పిన పంకా మొరాయింపవలెను. చుట్టలలో పుట్టిన విద్యుత్తే దానిని అడ్డగించును. ఇన్నింట నెగ్గిన మోటారు నిర్దోషి. ఇక బోర్డును, రిమోటును, తీగల కూడలిని విచారింపవలయును.

మా పంకాయందు కూడలిలో ఒక తీగ వదులైయుండెను. దానిని బిగించితిమి, పంకా తిరిగినది. ఖర్చు కానియైనను లేదు.

అంగడివారిని నిందించుట మా యుద్దేశము గాదు. వారికి నేర్పినవారు లేరు. చేయువారు పటము నీయక, బోర్డును విడిగా అమ్మక పోయిన పనివాడేమి చేయగలడు? 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కునకై ఒక పోర్టలు తెరచినది. మంచిదే. కాని కుప్పమునందలి పనివానిచేతికి తెలుగున వ్రాసిన పటము చేరనంతకాలము ఆ హక్కు కాగితముమీది హక్కే. హామీకాలమున మూత విప్పవలదు. ఆ కాలము తీరిన పిమ్మట పంకా మనది, దానిని బాగుచేసికొను నధికారమును మనదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పఠనమందిరములవారు ఒక్కొక్క మల్టీమీటరు కొని, ఆదివారమున పనివారిని పిలిచి ఈ పరీక్ష చేసి చూపుదురుగాక. పాడైనదానిని పారవేయువాడు ఎంత ధనికుడైనను పరాధీనుడే. విప్పిచూచి బాగుచేసికొనువాడే స్వతంత్రుడు.