ఎండ అంకె చూసి తరుగు కట్టరాదు

విజయవాడ: వేసవి రాగానే బజారులో ధరలతో పాటు డిగ్రీల మాట కూడా వినవస్తుంది. బెజవాడలో ఎండ మండిపోతోంది గనుక సరుకు బాగా ఆరి ఉంటుందన్న ధీమాతో ఫోను మీదనే బేరాలు ముగించే వ్యాపారులు కద్దు. ఈ ధీమాకు ఆధారం తక్కువ.

విజయవాడ ఉష్ణోగ్రత అని సాధారణంగా చెప్పుకునేది గన్నవరం విమానాశ్రయం వద్ద నమోదైన అంకె. అక్కడి థర్మామీటరు గాలి ఆడే తెల్లని పెట్టెలో, నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున, నీడలో ఉంటుంది. కల్లంలో నేరుగా ఎండకు ఆరే మిర్చికి, ధాన్యానికి ఆ అంకె సరిపోదు.

పైగా డెల్టా అంతటా ఎండ ఒకే తీరున ఉండదు. మచిలీపట్నంలో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే వేడి తగ్గుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న పల్నాటి రెంటచింతలలో పగటి వేడి బాగా హెచ్చు, గాలి పొడి. అందుచేత పల్నాటి మిర్చి ఆరిన వేగంతో బందరు వైపు దాళ్వా ధాన్యం ఆరుతుందనుకోవడం పొరపాటు.

వాతావరణ శాఖ కూడా అన్ని కేంద్రాలనూ ఒకే గీటురాయితో కొలవదు. వడగాలిగా పరిగణించడానికి మైదానాలలో కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు ఉండాలి. చాలా సందర్భాలలో సాధారణం కంటె 4.5 డిగ్రీలైనా పెరగాలి. దేశమంతటా చూసినా అంతే. ఢిల్లీలో జనవరికి, జూన్‌కు నడుమ ఉండే తేడా తిరువనంతపురంలో ఏడాది పొడుగునా కానరాదు.

వ్యాపారికి ఈ తేడా ఎందుకు? ఏటా వచ్చే ఎండను బజారు ముందే లెక్కలో వేసుకుంటుంది. ధరను కదిలించేది మామూలును మించిన ఎండ. కాగా సరుకును ఆర్పేది అక్కడి వాస్తవ వేడి, గాలి, తేమ. ఈ రెండు లెక్కలనూ కలిపివేస్తే నష్టం తప్పదు.

ధాన్యం సేకరణలో తేమ పరిమితి 17 శాతం. 20 శాతం తేమ గల 100 క్వింటాళ్ల ధాన్యాన్ని 17 శాతానికి ఆరబెడితే మిగిలేది సుమారు 96.4 క్వింటాళ్లు. అంటే తరుగు 3 క్వింటాళ్లు కాదు, 3.6. ఎండను నమ్మి కొన్న మిల్లరు ఆ మేరకు నష్టపోతాడు. అదే భయంతో ఆరిన సరుకుకు కూడా తరుగు కోస్తే రైతు నష్టపోతాడు.

కనుక గన్నవరంతో పాటు బందరు, రెంటచింతల అంకెలను, వాటి హెచ్చుతగ్గులను, సాయంత్రపు గాలిలోని తేమను రోజూ చూడడం మేలు. సరుకు ఎప్పుడు తెప్పించాలో అవి చెబుతాయి. తరుగు ఎంతో మాత్రం బస్తా దగ్గర, ఇరుపక్షాల ఎదుట, తేమ మీటరే తేల్చాలి.