వీరుడు సరే, విద్యార్థి ఏడీ?

మన సినిమాలో పేదింటి పిల్లాడి బాల్యమంటే ఐదు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్. నిక్కరుతో పరుగు మొదలుపెట్టినవాడు అదే పరుగులో మీసాలతో ఫైటింగులోకి దిగుతాడు. ఆ ఒక్క షాటులో కొట్టుకుపోయేవే అసలు సంవత్సరాలు. పదో తరగతి పరీక్షలు, మొదటి కూలి డబ్బులు, ఇంటర్‌లో చేరాలా వద్దా అన్న తర్జనభర్జన అన్నీ అందులోనే పోతాయి. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ లాంటి చోట మనిషి బతుకు ఎటు పోయేదీ తేలేది ఆ వయసులోనే.

ఆదిలాబాద్ అడవి తెలుగు తెరకు కొత్తేమీ కాదు. అల్లాణి శ్రీధర్ 1990లో 'కొమురం భీమ్' తీశారు. అది థియేటర్లకు వచ్చేసరికి 2010 అయింది. 2022లో 'ఆర్ఆర్ఆర్' ఆ గోండు వీరుడు భీమ్ పేరును ప్రపంచమంతా తిప్పింది. ఈ రెండు సినిమాల మధ్య నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. అయినా రెండింటా వీరుడే. వీరుణ్ని తలుచుకోవాల్సిందే. మరి 1940లో భీమ్ జోడేఘాట్‌లో నేలకొరిగాక ఆ గూడేల్లో పుట్టి పెరిగిన పిల్లల సంగతేమిటి?

ఉట్నూర్ ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలలో ఒక గోండు కుర్రాణ్ని ఊహించుకోండి. ఇంట్లో గోండి, క్లాసులో తెలుగు, అంగట్లో మరాఠీ, హిందీ కలగలిసిన మాట. దీపావళికి దండారి ఆడటానికి ఊరెళ్తాడు. చేలో పత్తి పగిలేదీ ఆ రోజుల్లోనే. ఏరిన పత్తికి కిలోల లెక్కన కూలి. నాలుగు రోజులు ఏరి పోదువులే అంటుంది తల్లి. ఆ నాలుగు ఎన్ని అవుతాయో ఆమెకూ తెలియదు. హాస్టల్‌కు మళ్లీ వెళ్తాడా? సినిమా అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడవచ్చు. ఇందులో విలన్ లేడు కాబట్టి మన నిర్మాతలకు ఇది కథలా కనిపించదు.

కెన్ లోచ్ 1969లో తీసిన 'కెస్' చూడండి. ఇంగ్లండ్‌లో బార్న్‌స్లీ అనే బొగ్గు గనుల ఊరు. బిల్లీ అనే కుర్రాడికి బడి అయిపోవస్తోంది. అన్న గని కార్మికుడు. తను మాత్రం చచ్చినా గనిలోకి దిగనంటాడు. మరేం చేస్తాడో వాడికీ తెలియదు, ఉద్యోగాల గురించి అడిగే అధికారికీ పట్టదు. వాడి ధ్యాసంతా పెంచుకుంటున్న డేగ మీదే. ఈ సినిమా గోదావరిఖనిలో వేస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు. సింగరేణిలో తండ్రి నౌకరీ కొడుక్కి ఎప్పుడొస్తుందా అని ఇళ్లకిళ్లు ఎదురుచూసే చోటు అది. ఆ ఎదురుచూపుల్లోనే ఎందరికో పెళ్లి వయసు దాటిపోతుంది. 2023లో వచ్చిన 'దసరా' తెరంతా బొగ్గు మసి పూసింది గానీ ఈ ఎదురుచూపు జోలికి పోలేదు.

అంతదూరం ఎందుకు, సరిహద్దు దాటితే మహారాష్ట్రే. నాగరాజ్ మంజులే 2013లో 'ఫండ్రీ' తీశాడు. ఊళ్లో పందుల్ని పట్టే పని జబ్యా అనే కుర్రాడి ఇంటివాళ్లది. తోటి పిల్లలు చూస్తారేమోనని వాడు నక్కి నక్కి తిరుగుతుంటాడు. పంది చేతికి చిక్కబోతున్న క్షణంలో బడిలో జాతీయగీతం మొదలవుతుంది. జబ్యా టక్కున నిలబడిపోతాడు, ఇంటిల్లిపాదీ నిలబడతారు. పందికి ఆ పట్టింపు లేదు, పారిపోతుంది. నవ్వొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది. జబ్యాగా నటించిన కుర్రాడికి అంతకుముందు నటనే తెలియదు.

మనకు చేతకాక కాదు. 1979లోనే 'మా భూమి'లో రామయ్య ఊరొదిలి పట్నం చేరి, రిక్షా లాగి, అక్షరాలు నేర్చి, మరో మనిషై తిరిగొచ్చాడు. నిజమే, దాని దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, మూలకథ కిషన్ చందర్ ఉర్దూ నవల. అయినా కథ మనదే. నలభై ఏళ్లకు 2019లో 'మల్లేశం' వచ్చింది. ఆరో తరగతితోనే బడి మానేసిన చేనేత ఇంటి పిల్లాడు, నేతకు ముందు నూలు ఆసు పోసీ పోసీ భుజం పట్టేసిన తల్లి. అదీ చివరికి గెలిచినవాడి కథే అనుకోండి, అయినా పిల్లాడి వయసును తొక్కేయకుండా చూపించింది.

ఇప్పుడు ఫోనుతో షార్ట్ ఫిలిం తీస్తున్న ఆదిలాబాద్ కుర్రాళ్లకు ఒక్క మాట. ఉట్నూర్ పిల్లాడి కథ తీసేటప్పుడు వాడి చేత తెచ్చిపెట్టుకున్న యాస పలికించకండి. ఇంట్లో గోండిలోనే మాట్లాడనివ్వండి, కింద తెలుగు అక్షరాలు వేయండి. కొరియా సీరియళ్లనే అలా చూస్తున్న జనం, పక్క గూడెం భాషను చూడరా?