పోగు తెగితే చెప్పాలి కదా!

ఓడల సంగతి మనకెందుకు అనకండి. ఆదోని పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరు మగ్గాలు తప్ప సముద్రం ఊసే ఎరగని వాళ్ళం, నిజమే. కానీ ఓడ నడిపే ఆఫీసర్లకు నేర్పే చదువొకటి మన వంటింటికి అచ్చంగా సరిపోతుంది. కాస్త వినండి.

ఓడను నడిపించే గదిని బ్రిడ్జి అంటారు. అక్కడ కెప్టెన్, ఆయన కింది ఆఫీసర్లు, చుక్కాని పట్టే మనిషి ఉంటారు. దారి చూడటం, యంత్రం వాడటం అందరికీ వచ్చు. అయినా ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. కారణాల్లో పెద్దది ఒకటి: చిన్నవాడు చూశాడు, పెద్దాయనకు చెప్పలేకపోయాడు.

2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకార్డియా అనే ప్రయాణికుల ఓడ ఇటలీలోని జీలియో దీవి దగ్గర బండను కొట్టుకుంది. కెప్టెన్ ఓడను ఒడ్డుకు మరీ దగ్గరగా పోనిచ్చాడు. లోపల నాలుగు వేలకు పైగా జనం. 32 మంది చనిపోయారు. పక్కనున్న ఆఫీసర్లు సమయానికి గట్టిగా హెచ్చరించలేదనీ, చుక్కాని పట్టినతను కొన్ని మాటలు తప్పుగా అందుకున్నాడనీ విచారణలో తేలింది. కలిసి పనిచేసే ఈ విద్య ఆఫీసర్లకు రావాల్సిందేనన్న అంతర్జాతీయ నిబంధన అదే నెల 1వ తేదీన అమల్లోకి వచ్చింది. నిబంధన వచ్చినంత సులువుగా అలవాటు రాదు కదా!

ఈ శిక్షణలో నకిలీ బ్రిడ్జి ఒకటి ఉంటుంది. తెరల మీద సముద్రం కదులుతుంటే ఆఫీసర్లు కలిసి ఓడ నడపాలి. తర్వాత కూర్చుని ఎవరు ఏం చూశారు, ఎవరు ఎందుకు ఊరుకున్నారు అని మాట్లాడుకోవాలి. అందులో మనం తెచ్చుకోదగ్గవి మూడున్నాయి.

మొదటిది, విన్నమాట తిరిగి చెప్పడం. చుక్కాని ఎటు తిప్పాలో ఆఫీసరు చెప్పగానే, పట్టినతను ఆ మాటే పైకి అంటాడు. తప్పు విని ఉంటే అక్కడే బయటపడుతుంది. "రాత్రికి అర మాత్రే" అని మీరంటే, "సరే" అని కాక "అర మాత్రే కదా, అన్నం తిన్నాక" అనమని పిల్లలకు నేర్పండి.

రెండోది, పని అప్పజెప్పడం. కాపలా మారేటప్పుడు ఓడ ఎక్కడుంది, చుట్టూ ఏమున్నాయి అన్నీ చెప్పే వెళ్ళాలి. మన ఇళ్ళలోనో? అవ్వకు బీపీ మాత్ర పెద్దకోడలు ఇచ్చిందనుకుని చిన్నకోడలు మానేస్తుంది, లేదా ఇద్దరూ ఇచ్చేస్తారు. గోడ మీది క్యాలెండరులో ఒక టిక్కు పెడితే సరిపోయే పని!

మూడోది అన్నిటికన్నా కష్టం: పెద్దవాళ్ళకు చెప్పడం. గ్యాసు వాసన కొత్తకోడలికే ముందు తగిలింది. అత్తగారు లైటు వేయబోతున్నారు. మర్యాద చూసుకునే వేళేనా అది? "అత్తా, స్విచ్చి ముట్టొద్దు, గ్యాసు వాసనొస్తోంది" అని గట్టిగా అనాల్సిందే. తర్వాత రెగ్యులేటరు ఆపి, తలుపులు, కిటికీలు తీయాలి.

అయితే భారమంతా చిన్నవాళ్ళ మీదే వేయకండి. మంచి కెప్టెన్ "నేను తప్పితే చెప్పండి" అని ముందే అంటాడు. చెప్పినవాళ్ళను కసరడు. ఒకసారి కసిరితే రెండోసారి నోరు తెరవరు మరి.

ఎమ్మిగనూరు మగ్గం దగ్గర చూడండి. కండెలు చుట్టే పిల్ల "నాయనా, పోగు తెగింది" అంటే తండ్రి కోప్పడడు. నేత ఆపి పోగు అతుకుతాడు. చెప్పకపోతే బట్ట పాడయ్యేది తనదేనని ఆయనకు తెలుసు.

ఈ వారం మీ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళను అడగండి: "నాకు చెప్పడానికి మీరు భయపడే సంగతి ఏదైనా ఉందా?" అడిగాక, మధ్యలో మాట్లాడకుండా వినండి.