బొట్టుబండి – ఎండాకాలపు లెక్కలు

మా ఇంట్లో మార్చి నెల నుంచి ఒక పెట్టె గురించి తగవు నడుస్తున్నది. ఆ పెట్టె ఇంకా తయారు కాలేదు. కాగితం మీద పెన్సిలు గీతలుగా, గరాజు నేల మీద సుద్దగీతలుగా మాత్రమే ఉన్నది. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, కింద రెండు చక్రాలు, కారుకు తగిలించడానికి ఒక కొక్కెం. లోపల ఇద్దరు పడుకోవచ్చు, నడుము వాల్చి కూర్చోవచ్చు, నిలబడడానికి వీలుండదు. వెనక తలుపు పైకెత్తితే అదే వంటగది. ముందు గుండ్రంగా ఉండి వెనక్కి సన్నగా జారే ఆకారాన్ని బట్టి ఇక్కడి జనం దీన్ని టియర్‌డ్రాప్ అంటారు. తెలుగులో కన్నీటిబొట్టు అనబోతే, బయలుదేరకముందే ఏడుపేమిటని మా ఆవిడ ఒప్పుకోలేదు. అశ్రుశకటమని నేనొక సమాసం కట్టాను గాని అది విని నాకే భయం వేసింది. చివరికి బొట్టుబండి అని స్థిరపడ్డాం.

బండి కొత్తదేమీ కాదు. 1930లలో, ఆర్థికమాంద్యపు రోజుల్లోనే అమెరికాలో జనం ఇంటి వెనక వీటిని కట్టుకున్నారు. 1947లో మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అచ్చువేసిన నమూనాను ఈనాటికీ వెతుక్కుని చదివేవారున్నారు. నాలుగెనిమిదులు ప్లైవుడ్ పలక ఒకటి తీసుకుని మూలలు గుండ్రంగా కోస్తే ఒక పక్క గోడ తయారవుతుంది; ఆ పొడవూ ఎత్తూ అలా వచ్చినవే. చిన్న కారు సైతం లాగగలిగే బరువు, ఒకరిద్దరు సెలవు రోజుల్లో చేయగలిగే పని.

తగవు బండి కట్టాలా వద్దా అన్నదాని మీద కాదు. ఏసీ పెట్టాలా వద్దా అన్నదాని మీద. మేముండేది డాలస్ శివారులో. జూలైలో ఇక్కడ పగలు 96 డిగ్రీల ఫారెన్‌హీటు మామూలు. మన లెక్కలో 35 దాటినట్టు. రాత్రి కూడా 76, 77 కంటే దిగదు. టెక్సస్‌లో ఎవరిని అడిగినా ముందు ఏసీకి గోడలో చోటు వదిలి, ఆ తరువాత మిగతా బండి గీసుకోమంటారు. నా అభిప్రాయం దీనికి సరిగ్గా ఎదురు. ముందు ఎండను ఆపాలి, తరువాత గాలిని తేవాలి, ఆ తరువాత ఎక్కడికి ఏ నెలలో పోవాలో తేల్చుకోవాలి. యంత్రం సంగతి ఆ తరువాత. ఇది పొదుపు కోసమో ప్రకృతి ప్రేమతోనో అంటున్న మాట కాదు. లెక్క వేసి చూస్తే వచ్చిన మాట.

లెక్క ఇది. మిట్టమధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం కింద ఒక చదరపు మీటరు మీద సుమారు వెయ్యి వాట్ల ఎండ పడుతుంది. మా బండి కప్పు మూడున్నర చదరపు మీటర్ల పైమాటే. అంటే మూడున్నర కిలోవాట్లు దాటి నెత్తిన పడుతున్నది. కిటికీకి పెట్టే ఏసీలలో అతి చిన్నది గంటకు 5,000 బీటీయూల వేడిని బయటికి తోయగలదు. వాట్లలో చెప్పాలంటే ఒకటిన్నర కిలోవాట్ల లోపే. పడిన ఎండంతా లోపలికి రాదు, నిజమే. అయినా కప్పును పట్టించుకోకుండా ఏసీ పెట్టడమంటే చిల్లుపడిన పడవలో కూర్చుని చెంబుతో నీళ్ళు తోడిపోయడమే. ఇక ఆ చిన్న ఏసీకి కరెంటు కావాలి, సుమారు 450 వాట్లు. వంద ఆంపియర్ గంటల లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ గంటలు. ఏసీ ఆగకుండా తిరిగితే మూడు గంటలు కూడా రాదు. పైకప్పులో పెట్టే పధ్నాలుగు అంగుళాల పంకా మాత్రం నెమ్మదిగా తిరిగితే రెండు ఆంపియర్లు తీసుకుంటుంది. రాత్రి తొమ్మిది గంటలు తిరిగినా 216 వాట్ గంటలు. పొద్దున ఒక వంద వాట్ల సౌరఫలకం ఎండలో పెడితే ఆ అప్పు మధ్యాహ్నానికి తీరిపోతుంది.

రంగు దగ్గర నాకొక ఆశాభంగం జరిగింది. పాత బొట్టుబండ్ల అందమంతా మెరిసే అల్యూమినియం రేకులో ఉంటుంది. నాకూ అదే కావాలనిపించింది. అద్దంలా మెరిసేది ఎండను తిప్పికొడుతుంది కాబట్టి చల్లగా ఉంటుందనుకున్నాను. తిప్పికొట్టే మాట నిజమే గాని, మెరుగు రేకుకు ఇంకొక గుణం ఉన్నది. తాను మింగిన కాసింత వేడినీ తిరిగి ఆకాశంలోకి వెదజల్లడం దానికి చేతకాదు. తెల్లరంగు వేసిన రేకు ఎండను తిప్పికొట్టడమే కాక, పట్టిన వేడిని సులువుగా వదిలేస్తుంది. అందువల్ల ఎండలో మెరుగు రేకు మీద చెయ్యి పెట్టలేము, తెల్లరేకు మీద పెట్టగలం. మన ఊళ్ళలో మేడకప్పు మీద వేసవికి ముందు సున్నం కొట్టించేవారు ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే ఎరుగుదురు. మా బండి తెల్లగానే ఉంటుంది, పాలడబ్బా లాగా. అందం సంగతి వదిలేశాను.

రంగు కంటే మేలైనది నీడ. నీడలో కూడా కప్పును అంటుకుని కప్పిన నీడ వేరు, జానెడు ఎడం వదిలి వేసిన నీడ వేరు. ఆ ఎడంలోంచి గాలి పోతుంటే పైపొర ఎంత కాలినా కింది పొరకు తెలియదు. పెళ్ళి పందిరి కింద మే నెల మధ్యాహ్నం భోజనాలు చేయగలిగామంటే కారణం ఇదే. పాత లాండ్ రోవర్ బండ్లకు ఉష్ణదేశాల కోసం పైకప్పు మీద ఇంకొక కప్పు వేసి అమ్మేవారు. అది కూడా రేకుతో చేసిన పందిరే. బండి నాలుగు మూలలా గొట్టపు ముక్కలు బిగించి, వాటి మీద తెల్లని గుడ్డ లాగి కట్టేట్టు గీశాను. రెండు పక్కలా నాలుగేసి అడుగులు బయటికి వస్తుంది. బండి ఖర్చులో ఇది అతి చౌక భాగం, ఫలితంలో అతి పెద్దది అని నా నమ్మకం.

ఇక వేడిని ఆపే నురుగు పలకల విషయం. గోడలన్నిటికీ దట్టంగా పెట్టాలని అందరూ అంటారు. నేను కప్పులో ఒకటిన్నర అంగుళాలు పెట్టి గోడలకు తగ్గిస్తాను. మా పల్నాటి ఇల్లు నాపరాళ్ళ మిద్దె. పగలంతా రాయి వేడిని దాచుకుని, రాత్రి మనం పడుకున్నాక అప్పు తీర్చినట్టు తీరుస్తుంది. అందుకే సాయంత్రం మిద్దె మీద కడవలతో నీళ్ళు చల్లి, మంచాలు పైకి చేర్చేవాళ్ళం. ప్లైవుడ్ పెట్టెకు ఆ జ్ఞాపకశక్తి లేదు. పొద్దు గుంకి తలుపులు తెరిస్తే అరగంటలో బయట ఎంత ఉంటే లోపలా అంతే. నురుగు పలకలు ఏసీ పెట్టినవాడికి ప్రాణం. గాలి మీద ఆధారపడ్డవాడికి కప్పు వరకు చాలు. అసలు పగటిపూట అందులో ఉండవలసిన పనేమిటి? అది పడక. వంట వెనక తలుపు కింద, బయట జరుగుతుంది. పూర్వం ఇంటికి ఎడంగా వంటపాక వేసుకున్నట్టే.

గాలి మాత్రం సుఖానికే కాదు, ప్రాణానికీ. లోపలి చోటు అలమరలు పోను వంద ఘనపుటడుగులు, అంటే 2,800 లీటర్లు. నిద్రపోయే ఇద్దరు మనుషులు గంటకు పాతిక లీటర్ల బొగ్గుపులుసు గాలి వదులుతారు. అన్నీ బిగించి పడుకుంటే గంటకు దాదాపు ఒక శాతం చొప్పున పెరుగుతుంది. కాబట్టి చలికాలమైనా, ఏసీ ఉన్నా, మూయడానికి వీలులేని రంధ్రాలు రెండు ఉండి తీరాలి. ఇద్దరి ఒంటి నుంచి వచ్చే నూటయాభై వాట్ల వేడిని, చెమట తేమను కూడా ఆ దారినే పంపాలి. పంకా పైన ఉండి వేడిగాలిని బయటికి లాగుతుంది. గాలి లోపలికి వచ్చే దారి కింద, తల పక్కన, దోమతెరతో. కప్పు మీద పంకా పెట్టి కింద దారి మరచినవారి బండి ఒకటి చూశాను. పంకా పాపం తిరుగుతూనే ఉన్నది.

తడి చాపల మాట నాన్నగారు ఎత్తారు. ఆయన రెంటచింతల దగ్గర పుట్టి, ఉద్యోగరీత్యా బందరులో తొమ్మిదేళ్ళు ఉన్నారు. పల్నాడులో వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే వడగాలి కూడా వాసన వేస్తూ చల్లగా వచ్చేది. బందరులో అదే తడిక కడితే గది మడుగయింది తప్ప చల్లబడలేదు. గాలిలో తేమ నిండా ఉంటే నీరు ఆవిరి కాదు, ఆవిరి కానిది చల్లబరచదు. హైదరాబాదులో వేసవిలో పనిచేసిన కూలరు కోస్తాలో మూలపడేది ఇందుకే. ఇక్కడా అంతే. ఎల్ పాసో వైపు తడిగుడ్డ పనిచేస్తుంది, హ్యూస్టన్‌లో పనిచేయదు, డాలస్ మధ్యలో ఊగుతుంటుంది. బండి నమూనా ఒకటే అన్ని ఊళ్ళకూ పనికివస్తుందనేవారు ఒక్క వేసవి బందరులో గడపాలి.

ఇంతవరకు నా వాదం నాకు బాగానే ఉన్నది. నాన్నగారు ఏప్రిల్‌లో మా దగ్గరికి వచ్చారు. డెబ్బై నాలుగేళ్ళు. రక్తపోటుకు మందు, దానితో పాటు ఒంట్లో నీరు తీసేసే మాత్ర. ఎడారిలో నక్షత్రాలు చూడాలని ఆయన కోరిక. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుని మాకు సప్తర్షులను చూపించింది ఆయనే. బండి కట్టాలన్న తొందర అందుకే. ఏసీ కావాలన్న మా ఆవిడ పట్టుదల కూడా ఆయన గురించే. "మీ సిద్ధాంతం మీ ఒంటి మీద ప్రయోగించుకోండి, మామయ్యగారి మీద వద్దు" అన్నది. నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే ఆ మాట శాస్త్రప్రకారం కూడా నిజమే. గాలి మన చర్మం కంటే, అంటే 35 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా ఉంటే పంకా వేడినే మీదికి తోస్తుంది; చెమట ఆవిరైతేనే రక్షణ. వయసు మళ్ళినవారికి చెమట తక్కువ పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది, నీరు తీసేసే మాత్ర ఆ పైన. "మా చిన్నప్పుడు ఏసీలు ఉన్నాయా" అనే మాట నేను ఎన్నోసార్లు అన్నాను. మా చిన్నప్పుడు వడదెబ్బకు పోయిన ముసలివాళ్ళు కూడా ఉన్నారు. మా వీధిలోనే ఉన్నారు. ఆ సంగతి కలుపుకోకుండా ఆ మాట అనడం కపటం.

అందుచేత నా అభిప్రాయాన్ని మార్చుకోలేదు గాని దానికొక గట్టు కట్టాను. బండిని ఎక్కడ, ఎప్పుడు వాడకూడదో నమూనాలో భాగంగానే రాసి పెట్టుకోవాలి. రాత్రి కనిష్ఠం 75 ఫారెన్‌హీటు దాటుతుందని చెబితే ప్రయాణం లేదు. పగటి వేడి చెట్టు కింద, కొండ నీడన, ఊళ్ళోకి పోయి ఎలాగో గడుపుకోవచ్చు. రాత్రి చల్లబడనిదే ఒళ్ళు తేరుకోదు. చల్లబడే చోటికి పోవడానికే కదా చక్రాలు? వెయ్యి అడుగులు ఎక్కితే మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీటు తగ్గుతుంది. డేవిస్ కొండల దగ్గరి ఫోర్ట్ డేవిస్ దాదాపు 5,000 అడుగుల ఎత్తున ఉన్నది. గాలి పొడిగా ఉంటుంది, వేసవి రాత్రులు అరవైలలోకి దిగుతాయి. పక్కనే టెక్సస్ విశ్వవిద్యాలయం వారి మెక్డొనాల్డ్ నక్షత్రశాల. మా ఇంటి నుంచి దాదాపు అయిదు వందల మైళ్ళు. మధ్యలో ఒక రాత్రి హోటల్లో, నిక్షేపంగా ఏసీ గదిలో.

ఏసీకి కూడా చోటు వదిలాను. వెనక వంటగది అలమర కింద, చెక్కమూతతో, ఒక కిటికీ ఏసీ పట్టేంత రంధ్రం. కరెంటు దొరికే విడిదిలో, అవసరం పడితే, ఇంటి కిటికీలోంచి ఊడదీసిన ఏసీ అందులో దూర్చుతాను. నలభై పౌన్ల బరువు వెనక్కి చేరుతుంది కనుక, ముందు కొక్కెం మీద మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా ఉండేట్టు బ్యాటరీని ముందుకు జరిపి మళ్ళీ గీశాను. తగ్గితే బండి రోడ్డు మీద తోక ఊపుతుంది. రంధ్రం చూసి మా ఆవిడ తాను గెలిచానన్నది, మూత చూపించి నేను గెలిచానన్నాను.

మొన్న ఆదివారం గరాజులో సుద్దగీతల మీద అట్టపెట్టెలు కోసి నిలబెట్టి, పరుపు వేసి, నాన్నగారిని పడుకోమన్నాను. పొద్దు కూకినా లోపల 88 ఉన్నది. బల్లపంకా ఒక మూల, రంధ్రం ఒక మూల. ఆయన పావుగంట కళ్ళు మూసుకుని పడుకుని లేచారు. వేడి మాట ఎత్తలేదు. రాత్రి రెండుసార్లు లేవాలి గనక తన వైపు తనకు వేరే తలుపు కావాలన్నారు, కాళ్ళు కిందికి దించి కూర్చుంటే మోకాళ్ళు పైకి లేవకుండా పరుపు ఇంకో ఆరంగుళాలు ఎత్తాలన్నారు.

"చెంబు ఎక్కడ పెడతావురా అబ్బాయ్?" అని అడిగారు చివర్లో. తల దగ్గర, గాలి వచ్చే రంధ్రానికి ఎదురుగా, ఒక చిన్న గూడు గీశాను.