కోసేది మనం, కొనేది వాళ్ళు!

మిక్సీ కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం. ఎన్ని వాట్లు, ఎన్ని జార్లు, గ్యారంటీ ఎన్నేళ్ళు అంటూ షాపువాణ్ణి ఊపిరి తిప్పుకోనివ్వం. చీరల సంగతి సరేసరి. మరి రెండుపూటలా చేత్తో పట్టుకునే కత్తి సంగతేమిటి? తిరునాళ్ళలో కనిపించిందనో, స్టీలు సామాను కొంటే ఊరికే ఇచ్చారనో, బజారుకెళ్ళిన శ్రీవారికి తళతళలాడుతూ నచ్చిందనో మన వంటింట్లోకి వచ్చేస్తుంది. మరుసటి నెలకే టమాటా తొక్క తెగదు. అప్పుడు "నీకు కోయటం చేతకాదు" అన్న మాట మాత్రం మనకే!

ఇదేమంత పెద్ద విషయం అంటారేమో. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి. బలం పెట్టినచోటే కత్తి జారుతుంది. జారితే తెగేది వేలు. తెగిన వేలికి పసుపు అద్ది గుడ్డపేలిక చుట్టుకోవటం మనకి అలవాటే. కానీ ఆ వేలితోనే కల్లంలో కూచుని ఎండుమిర్చిలో తాలుకాయలు ఏరాల్సిన ఆడకూలీ సంగతి ఆలోచించండి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఎందరు అలా ఏరుతున్నారో లెక్కే లేదు. కోత మీద కారం పడితే ఎలా ఉంటుందో మిరపచేల ఊళ్ళవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మంట ఓర్చుకోవాలి, లేదా ఆ రోజు కూలి వదులుకోవాలి. అందుకే అంటున్నాను, కత్తి ఎంపిక ఆడవాళ్ళ ఆరోగ్యానికీ, రాబడికీ సంబంధించిన విషయమని.

ముందు మన కత్తిపీటనే చూద్దాం. కత్తి కదలకుండా నిలబడి ఉంటుంది, కూరగాయే కదులుతుంది. రెండు చేతులూ కాయని పట్టుకోవటానికి ఉంటాయి, మణికట్టు మీద భారం తక్కువ. ఇదేదో మన పాతకాలపు మోటుసామాను అనుకోకండి. మరాఠీవాళ్ళు విళీ అనీ, బెంగాలీలు బోటీ అనీ, తమిళులు అరువామనై అనీ ఈ పనిముట్టునే వాడుతున్నారు. అయితే నిలబెట్టిన కత్తి పాకే పిల్లలున్న ఇంట్లో ప్రమాదమే. అందుకే మడత కత్తిపీట వచ్చింది. పని అవగానే కత్తిని పీట మీదకి మడిచి గూట్లో పెట్టేయొచ్చు. బదిలీల మీద తిరిగే ఉద్యోగస్తులకీ, ఇరుకు వంటిళ్ళ వాళ్ళకీ ఇది మరీ అనువు. బజారులో పది రకాలు కనిపిస్తాయి కనుక ఏది కొనాలన్నదే ప్రశ్న.

మొదటి ఎంపిక ఇనుము. ఇనుము అని మనం అనేస్తాం గానీ అందులోనూ తేడాలున్నాయి. పదును నిలిచేది అందులో కలిసిన కార్బన్‌ని బట్టి. కిటికీ ఊచలకీ, గేట్లకీ వాడే మైల్డ్ స్టీల్‌లో కార్బన్ పావు శాతం లోపే ఉంటుంది. దాన్ని ఎంత కాల్చి నీళ్ళలో ముంచినా గట్టిపడదు. లారీల కింద ఉండే కమాను పట్టీల్లో అర శాతం పైగా ఉంటుంది. అందుకే తెలిసిన కమ్మరి పాత పట్టీ సంపాదించి కత్తి సాగగొడతాడు. దాని పదును చాలాకాలం నిలుస్తుంది, మొద్దుబారినా సానరాయి మీద తేలిగ్గా తేరుకుంటుంది. లోపమల్లా తుప్పు. కడిగి, తుడిచి, నాలుగు రోజులకోసారి నూనె రాయాలి. అరటికాయ, వంకాయ ముక్కలు ఇనుము తగిలి నల్లబడతాయి. నిమ్మకాయ, మామిడికాయ పులుపు ఇనుముకి పడదు.

రెండోది స్టెయిన్‌లెస్ స్టీల్. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ తయారుచేసిన తుప్పు పట్టని ఉక్కుతో దీనికి పేరొచ్చింది. కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే గానీ ఉక్కుకి ఆ గుణం రాదు. కానీ గిన్నెల స్టీలు వేరు, కత్తుల స్టీలు వేరు. గిన్నెల స్టీలులో నికెల్ కూడా కలుస్తుంది. అది వేడిచేసి చల్లార్చినా గట్టిపడదు కనుక పదును నిలవదు. చిటికెలో తేల్చుకునే ఉపాయం ఒకటుంది. ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతపు బొమ్మని పర్సులో వేసుకుని వెళ్ళండి. కత్తికి తగిలిస్తే గట్టిగా అంటుకోవాలి. జారిపోతే అది గిన్నెల స్టీలే, మెరుపు చూసి మోసపోకండి. (ఈ పరీక్ష స్టెయిన్‌లెస్‌కే సుమా. మామూలు ఇనుము ఏదైనా అయస్కాంతానికి అంటుకుంటుంది.)

మడత కత్తిపీటకి ప్రాణం కత్తిలో సగం, కీలులో సగం. షాపులోనే కత్తిని నిలబెట్టి అటూ ఇటూ కదిపి చూడండి. పక్కలకి ఊగితే వద్దు. రివిట్టు కొట్టిన కీలు ఒకసారి వదులైతే మళ్ళీ బిగించుకోలేం. నట్టు, బోల్టు ఉన్నదైతే ఇంట్లోనే బిగించుకోవచ్చు. మధ్యలో ఇత్తడి వాచరు వేసి ఉంటే మరీ మంచిది, త్వరగా అరగదు. పీట చెక్క విషయానికొస్తే తుమ్మ, టేకు నిలుస్తాయి. పొట్టు చెక్కకి పైన సన్మైకా అంటించినవి నాలుగుసార్లు తడిస్తే ఉబ్బిపోతాయి. పీట వెడల్పుగా, కాలు ఆనించుకోవటానికి చోటుండేలా చూసుకోవాలి. పీట కదిలితే ఎంత మంచి కత్తయినా చేటే.

వేసవిలో ఆవకాయ కత్తి సంగతి వేరు. మామిడికాయని టెంకతో సహా ఒక్క వేటుకి కొట్టాలంటే కూరల కత్తి పనికిరాదు. మందపాటి కత్తికి ఒక కొస చెక్కకి కీలుతో బిగించి, రెండో కొస పిడితో వచ్చేది కొనాలి. కాయని కీలుకి దగ్గరగా పెడితే తక్కువ బలంతో తెగుతుంది. పిడి ఎంత పొడుగుంటే మన చేతికి అంత సులువు. "అది మగవాళ్ళ పని" అంటూ కాయలు బుట్టలో పెట్టుకుని ఇంట్లోవాళ్ళ వీలు కోసం ఎదురుచూడటమెందుకు? ఏడాదికి ఒకసారి వాడే కత్తి కనుక నలుగురు ఇరుగుపొరుగులు కలిసి కొనుక్కున్నా సరిపోతుంది.

విదేశీ మడత కత్తులు బాగుంటాయని అబ్బాయిలు తెచ్చి చూపిస్తుంటారు. మాట నిజమే. ఫ్రాన్సువారి ఒపినెల్‌కి 1955 నుంచి కత్తి దానంతటదే మడతపడకుండా ఆపే కట్టు ఉంది. స్విట్జర్లాండు విక్టోరినాక్స్ పేరులో మొదటి సగం ఆ కంపెనీ పెట్టినాయన తల్లి విక్టోరియా పేరే! ప్రయాణాల్లో పండు కోసుకోవటానికి అవి భేష్. కానీ మునక్కాడలకీ, గుమ్మడికాయకీ జేబుకత్తి ఎక్కడ సరిపోతుంది? వాటి నుంచి మనవాళ్ళు నేర్చుకోవలసింది మాత్రం ఆ కట్టు. మన మడత కత్తిపీటలకీ అలాంటిది ఒకటి పెట్టమని అడగాలి.

ఇక ఖరీదు. 150 రూపాయల కత్తి ఏడాదికే మూలపడితే ఖర్చు ఏడాదికి 150. అదే 600 పెట్టి కొన్న కత్తిపీట 15 ఏళ్ళు వస్తే ఏడాదికి 40. సాన ఖర్చు మరో 60 వేసుకున్నా మొత్తం 100. చవకది ఏదో మీరే చెప్పండి! అయినా ఇంట్లో 600 అనగానే "కత్తికి అంతా?" అంటారు. అదే బండికి కొత్త సీటు కవరు వేయిస్తే ఎవరూ అడగరు.

పొలంలోనూ ఇదే వరస. పత్తి తీయటానికీ, మిరప కోయటానికీ వేళ్ళు చాలు గానీ జొన్నకీ, గడ్డికీ కొడవలి కావాలి. చాలాచోట్ల ఆ కొడవలి కూలికొచ్చిన మనిషే తెచ్చుకోవాలి, సానకీ తనే పెట్టుకోవాలి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ 'నవీన్' అని పళ్ళున్న కొడవలి రూపొందించింది. పళ్ళున్న కొడవలికి పదేపదే సాన పట్టనక్కర్లేదు. పిడి కూడా చేతికి దెబ్బ తగలకుండా తీర్చారు. ట్రాక్టరు అద్దెకు వేలు పోసే రైతు నలుగురు కూలీలకి నాలుగు కొడవళ్ళు కొనిస్తే తరిగిపోయేదేముంది?

ఇవన్నీ చేసిచ్చే కమ్మరి ఏడీ అంటారా? నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. అలాంటి నేల మీద నేడు కొలిమి కనిపించటమే అరుదైపోయింది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఉంది, పనిముట్లకి 15 వేల దాకా సాయం ఉంది. సాయం అందినా గిరాకీ లేకపోతే కొలిమి ఎన్నాళ్ళు వెలుగుతుంది? ఆ గిరాకీ మన చేతిలో ఉంది.

ఈసారి ఇంటి ఖర్చుల పుస్తకంలో కత్తికీ, సానకీ ఒక గీత గీసి డబ్బు పక్కన పెట్టండి. కొనటానికి మీరే వెళ్ళండి. చేత్తో పట్టుకుని, కీలు కదిపి, అయస్కాంతం ఆనించి చూసి, నచ్చకపోతే అక్కడే పెట్టేసి రండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వేళ్ళు మనవి కదా!