సాతానుకూ ఒక చరిత్ర ఉంది

దావీదు రాజు ఇశ్రాయేలు జనాన్ని లెక్కపెట్టించాడు. అది పాపమైంది. ఆ పనికి అతణ్ని పురికొల్పింది ఎవరు? సమూయేలు రెండో గ్రంథం 24వ అధ్యాయం దేవుడి కోపమే అంటుంది. అదే కథను తర్వాతి కాలంలో తిరిగి చెప్పిన దినవృత్తాంతముల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో ఆ చోట సాతాను కనిపిస్తాడు. వరంగల్‌లో ఏ క్రైస్తవ కుటుంబమైనా ఇంట్లో ఉన్న బైబిల్ తెరిచి ఈ రెండింటినీ పోల్చి చూసుకోవచ్చు.

ఈ మార్పు వెనుక పెద్ద చరిత్రే ఉంది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోను సైన్యం యెరూషలేము ఆలయాన్ని కూల్చి యూదులను చెరపట్టుకుపోయింది. క్రీ.పూ. 539లో పారశీక రాజు కోరెషు బబులోనును గెలిచాడు. ఆపై సుమారు రెండు శతాబ్దాలు యూదులు పారశీకుల ఏలుబడిలో బతికారు. మంచికీ చెడుకూ నడుమ ఎడతెగని పోరు, పారశీకుల మత ప్రవక్త జరతూష్ట్ర బోధలో కీలకం. ఆ మతం మనకు కొత్తదేమీ కాదు, సికింద్రాబాద్‌లో పార్సీల అగ్ని ఆలయం 1847 నుంచీ ఉంది.

యూదులు ఆ ఆలోచనను ఉన్నదున్నట్టు తీసుకోలేదు. వెలుగునూ చీకటినీ చేసినవాడు ఒక్కడేనని యెషయా గ్రంథం కోరెషుకే చెబుతుంది. 1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో బయటపడిన చుట్టల్లో ఒకటి, మనుషుల్ని రెండు ఆత్మలు నడిపిస్తాయంటూనే ఆ రెండూ దేవుడి సృష్టేనంటుంది.

క్యాథలిక్ బైబిల్‌లోని తోబీతు గ్రంథంలో పారశీకుల ఆలోచనలతో ఈ బంధం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ఇరాన్ గడ్డ మీది ఎక్బతానాలో సారా అనే యువతి భర్తలు ఏడుగురినీ పెళ్లిరాత్రే చంపిన దయ్యం అస్మోదియస్. జరతూష్ట్ర మత గ్రంథం అవెస్తాలోని కోపదయ్యం ఐష్మయే ఇదని చాలామంది పండితుల అభిప్రాయం. చేప గుండె, కార్జం నిప్పుల మీద వేస్తే ఆ పొగకు అది పారిపోతుంది.

అవెస్తా రాతలోకి వచ్చింది చాలా తర్వాత, ఇరాన్‌ను ఏలిన సాసానీయుల కాలంలోనే కాబట్టి ఎవరి నుంచి ఎవరికి ఏది వెళ్లిందో తేల్చలేమని కొందరంటారు. బబులోనుకూ తన సొంత దయ్యాలున్నాయి. అది న్యాయమైన అభ్యంతరమే. అయినా ఇరాక్‌లోని నిప్పూరు తవ్వకాల్లో దొరికిన మట్టి గిన్నెలను చూడండి. లోపల సిరాతో చుట్లు చుట్లుగా అరమాయిక్ మంత్రాలు. మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టినట్టే, వాళ్లు వీటిని గడప కింద బోర్లించి పాతారు. యూదు మంత్రాలున్న గిన్నెల్లోనూ రక్షణ కోరినవాళ్ల పేర్లు చాలావరకు పారశీకపువే. ఇరుగుపొరుగులు భయాలనూ పంచుకున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తెలంగాణకు ఈ పాఠం అత్యవసరం. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో ఇక్కడి పల్లెల్లో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టారు, చంపారు. మంత్రం పలకకూడదని పళ్లు ఊడగొట్టారు. దయ్యాల గురించిన ఊహలు కాలంతో, పాలకులతో, పొరుగువాళ్లతో మారుతూ వచ్చాయని తెలిసినవాడు పక్కింటి ముసలమ్మ మీద చెయ్యెత్తే ముందు ఆగుతాడు. దీనివల్ల దేవుడి మీద నమ్మకానికి వచ్చే లోటేమీ లేదు.

1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఇందుకు చొరవ తీసుకోవాలి. పాస్టర్లు, ఇమాములు, పూజారులు, బడి పంతుళ్లను ఒకచోట కూర్చోబెట్టి ఈ చరిత్ర చెప్పాలి. ఊళ్లో అనుమానం రాజుకున్న రోజున పోలీసులకన్నా ముందు అక్కడ ఉండేది వాళ్లే.