విశ్రాంతివేళ పాత కారు

2022 జనవరి నుండి మన రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 62 ఏండ్లయినది. ఆ వయస్సున ఉద్యోగభారము తొలగి, పిల్లలు విశాఖపట్నముననో హైదరాబాదుననో సముద్రముల కావలనో స్థిరపడగా, శ్రీకాకుళమునందును విజయనగరమునందును స్వగృహమున మిగిలిన విద్యావంతునకు తీరిక పుష్కలముగా నుండును గాని, ఆ తీరికను గౌరవప్రదముగా గడుపు మార్గము అంత సులభముగా తోచదు. తీర్థయాత్రలు ఏటికి కొన్ని దినములు. వార్తాపత్రిక ఉదయమునకే సరి. పాశ్చాత్యదేశములలో ఇట్టివారు పలువురు పాత స్పోర్ట్స్ కారు నొకదానిని కొని, స్వహస్తములతో విప్పి, బాగుచేసి, మరల నడిపించుటను వ్యాపకముగా స్వీకరింతురు. ఈ వ్యాపకము మన జిల్లాలకును తగినదే. అయితే దానిని వైభవ ప్రదర్శనముగా గాక, అంతరించుచున్న ఒక పనితనమును నిలుపు కార్యముగా చేపట్టవలెనని నా అభిప్రాయము.

స్పోర్ట్స్ కారనగా అది విదేశీయుల వస్తువనియు ధనికుల సొత్తనియు తోచుట సహజము. కాని దాని జ్ఞాతులు మన వీథులలోనే తిరిగినవి. 1955లో ఇంగ్లండున వెలువడిన ఎం.జి.ఏ. అను రెండు సీట్ల కారునకు అమర్చిన 1489 సి.సి. ఇంజను బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి ‘బి’ శ్రేణికి చెందినది. అదే శ్రేణికి చెంది, అదే పరిమాణము గల ఇంజను, కలకత్తా సమీపమున ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడరును దశాబ్దముల పాటు నడిపినది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైరునకు ఆధారము ట్రయంఫ్ హెరాల్డు చాసిస్సే. ఆ రెండింటి రూపమును దిద్దినవాడు ఇటలీ దేశస్థుడైన జొవాన్ని మికెలొట్టి. ఆ హెరాల్డునే మద్రాసు శివారున స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుండి ‘స్టాండర్డ్ హెరాల్డు’ పేరిట తయారుచేసిరి. దాని బాడీ చాసిస్‌పై బోల్టులతో బిగింపబడియుండును. బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందునకు తెరచుకొనును. కావున క్రొత్తగా పని నేర్చుకొనువానికి అంతకంటె అనుకూలమైన కారు అరుదు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము ప్రభువుల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును సందర్శకులు నేటికిని అబ్బురముతో చూచుచున్నారు. రాజుల కార్లకు సంరక్షకులు దొరికిరి. డాక్టర్ల, ప్లీడర్ల, కాంట్రాక్టర్ల కార్లకు దొరకలేదు. వానిలో పెక్కు పాత ఇనుము వ్యాపారి కాటాకు చేరినవి. అంబాసిడరు తయారీ సైతము 2014లో నిలిచిపోయినది. మిగిలినవానిని కాపాడుటకు సామాన్యుడే పూనుకొనవలెను.

కొనునపుడు దృష్టి రంగుమీద గాక తుప్పుమీద నిలువవలెను. ఇచ్ఛాపురము మొదలు భోగాపురము వరకు తీరము పొడవునను వీచు ఉప్పుగాలికి తలుపుల క్రింది అంచులు, కాళ్లక్రింది రేకు, డిక్కీ మూలలు లోలోపలనే శిథిలమగును. కొందరు ఆ రంధ్రములను పుట్టీతో పూడ్చి పైన మెరుగు పూయింతురు. చిన్న అయస్కాంతమును మెత్తని గుడ్డలో చుట్టి రేకు వెంబడి జరిపినచో, పుట్టీ దట్టముగా నున్నచోట అది పట్టు విడుచును. ఆర్.సి.లోని ఇంజను, చాసిస్ నంబర్లు బండిమీది నంబర్లతో సరిపోనిచో, ఎంత చౌకయైనను విడిచిపెట్టుటయే వివేకము.

కొన్న వెంటనే రంగు వేయింప నుత్సహించుట చాలమంది చేయు పొరపాటు. రంగు చివరి పని. ఏండ్ల తరబడి కదలని బండిలో బ్రేకుల వీల్ సిలిండర్లు బిగిసిపోవును కావున మొదట బ్రేకులు, పిదప పెట్రోలు ట్యాంకును కార్బ్యురేటరును, అటుపిమ్మట వైరింగు చూచుకొని, ఆ తరువాతనే ఇంజను జోలికి పోవలెను. సీసము కలిపిన పెట్రోలు మన దేశమున 2000 సంవత్సరముతో అంతరించినది. దానిని నమ్ముకొని రూపొందిన ఇంజనులలో ఎగ్జాస్టు వాల్వుల సీట్లు త్వరగా అరుగును గనుక, హెడ్డు విప్పినపుడే గట్టి సీట్లు వేయించుట మేలు. నేటి పెట్రోలులో 20 శాతము వరకు కలుపుచున్న ఇథనాలు తేమను పీల్చుకొని పాత రబ్బరును చెరచును. ఆ గొట్టములను వాషర్లను తప్పక మార్పింపవలెను.

అయితే ఎంతవరకు మార్పవచ్చును? బొబ్బిలి వీణకు మైనము కరిగి మెట్లు కదలినచో మరల కూర్తురే గాని, ఒకే పనస దుంగనుండి తొలిచిన దండిని కుండను మార్పరు. మార్చినచో అది వేరొక వీణ. ప్రాచీన వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో రూపొందించిన టురిన్ ప్రణాళిక సారమును దాదాపు ఇదియే: ఉన్నదానిని నిలుపుట ప్రథమ ధర్మము, క్రొత్తది చేర్చుట అగత్యమైనపుడే. మన చట్టమును ఈ మార్గమునే అనుసరించినది. 2021 జూలైలో కేంద్రము ప్రకటించిన నిబంధనల ప్రకారము, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మౌలికముగా మార్పు చెందని కారునకు 20,000 రూపాయల రుసుముతో ‘వి.ఏ.’ అక్షరముల ప్రత్యేక నంబరు లభించును. దానిని ప్రదర్శనములకు, ర్యాలీలకు, మరమ్మతులకు నడుపవచ్చును గాని నిత్యోపయోగమునకు నడుపరాదు. పాత హెరాల్డులో క్రొత్త డీజిలు ఇంజను నమర్చి గర్వించువాడు తన బండి చరిత్రను మాత్రమే గాక ఈ గుర్తింపును సైతము పోగొట్టుకొనును.

ఇదంతయు వృథావ్యయమనియు, పొగ చిమ్ము యంత్రముమీద మమకారము ఈ కాలమునకు తగదనియు ఆక్షేపించువారు కలరు. వ్యయమును గూర్చిన ఆక్షేపణ న్యాయమైనదే: పింఛనులో మిగులునది వెచ్చింపవచ్చును గాని గ్రాట్యుటీని ముట్టరాదు. పొగను గూర్చిన ఆక్షేపణ మాత్రము ఏటికి కొలది దినములు కదలు బండిపై నిలువదు. ఈ ఆక్షేపకులు గమనింపనిది మరొకటి కలదు. శబ్దమును బట్టియే కార్బ్యురేటరును సరిదిద్దగల, దొరకని బుష్షును లేత్‌పై తీసి ఇయ్యగల మేస్త్రీలు మన పట్టణముల షెడ్డులలో ఇంకను కొందరున్నారు, వారును వృద్ధులగుచున్నారు. కంప్యూటరు తగిలించి తప్పు కనిపెట్టి పార్టును మార్చు నేటి మెకానిక్కునకు ఆ విద్య నేర్చుకొను అవసరమే లేదు. పాత కారొకటి షెడ్డుకు వచ్చినపుడే ఆ మేస్త్రీ చేతికి పని, ఆ పనికి విలువ కలుగును.

కావున పదవీ విరమణ చేయబోవు మిత్రులకు నా విన్నపము: దూరనగరములలో పని పూర్తియైన కారును కొని తెచ్చుకొనవలదు; మన ఊరి షెడ్డులో, మన మేస్త్రీ చేత, మీరును చేయి కలిపి బాగుచేయించుడు; విప్పిన ప్రతి భాగమును ఫొటో తీసి, చేసిన ప్రతి పనిని తెలుగున వ్రాసి యుంచుడు; ఐ.టి.ఐ.లో చదువు పిల్లవానినొకని ఆదివారములందు ప్రక్కన నిలుపుకొని, అతనికి కూలి ఇచ్చి పని నేర్పించుడు.